పదేపదే పడేస్తోంది, విసురుతోంది: ఆపాలా, సాగనివ్వాలా?

కొత్తనాన్న:
మా పాపకి 16 నెలలు. చేతికి దొరికింది దొరికినట్టు కింద పడేస్తుంది. తీసిస్తే మళ్లీ పడేస్తుంది. ఈమధ్య దూరంగా విసరడం కూడా మొదలైంది. క్రెష్‌లో అడిగితే "ఇది స్కీమా ఆట, ఆపకండి, వీలు కల్పించండి" అన్నారు. స్కీమా అంటే పిల్లలు ఒకే రకం పనిని రకరకాల వస్తువులతో పదేపదే చేయడమట: పడేయడం, తిప్పడం, చుట్టడం, మోసుకెళ్లడం, డబ్బాలో దూర్చడం, కలిపి విడదీయడం. మా అమ్మ మాత్రం ఇప్పుడు వద్దనకపోతే రేపు అసలు మాట వినదు అంటోంది. ఇది నిజంగా నేర్చుకోవడమేనా, లేక అల్లరికి పెట్టిన మంచి పేరా? తెలిసినవాళ్లు చెప్పండి.

క్రెష్‌టీచర్:
నేర్చుకోవడమేనండీ. పాప పడేసేటప్పుడు చేతిని కాదు, కళ్లని చూడండి. వస్తువు ఎక్కడికి పోయిందో వెతుకుతుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే తన కొడుకు లోరాని గమనించి రాసింది ఇదే. పది నెలల వయసులో వాడు వెల్లకిలా పడుకుని బొమ్మ హంసనీ, పెట్టెనీ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని చెయ్యి చాచి వదిలేసేవాడు. అదీ ఒకేలా కాదు. ఒకసారి చెయ్యి నిటారుగా, ఒకసారి వాలుగా, ఒకసారి కళ్లకి ముందు, ఒకసారి వెనక. ఇలా మార్చి మార్చి చూడటాన్ని అల్లరి అని ఎలా అంటాం? ఏడాది దాటాక ఇది ఇంకా జోరందుకుంటుంది.

కాబట్టి పనిని ఉంచి వస్తువుని మార్చండి. మెత్తటి బంతులు, గుడ్డ ఉండలు, వెయ్యడానికి ఒక బుట్ట, వాలుగా పెట్టిన చెక్క, రెండు వైపులా తెరుచుకున్న అట్ట గొట్టం. గొట్టంలో వేసిన బంతి అవతల ఎక్కడ బయటికొస్తుందో పాప ఎదురుచూడటం మొదలుపెట్టిన రోజు మీకే తెలుస్తుంది.

ఆధారమేది:
పియాజే పరిశీలన గొప్పదే, కాదనను. కానీ ఈ పసితనం పరిశీలనల్లో ఆయన చూసింది ముగ్గురు పిల్లల్ని, ముగ్గురూ సొంత పిల్లలే. ఈ స్కీమాల మాట ప్రీస్కూళ్లలోకి వచ్చింది ప్రధానంగా బ్రిటిష్ విద్యా పరిశోధకురాలు క్రిస్ ఏథీ పని వల్ల. లండన్‌లో 1973 నుంచి 1978 దాకా సాగిన ఫ్రోబెల్ ప్రాజెక్టు అది. 20 మంది పిల్లలు, 5,000కి పైగా పరిశీలనలు. ఓపికకి దండం పెట్టాల్సిందే. అయితే ఆ పిల్లల వయసు రెండు నుంచి ఐదేళ్లు. అక్కడ పుట్టిన పేర్లని తెచ్చి పాకే పిల్లలకి అతికించడమే నాకు మింగుడుపడదు.

ఇంకో మాట. ఏ పిల్ల ఏం చేసినా ఏదో ఒక స్కీమాలో పడుతుంది. ఎప్పటికీ తప్పు అని తేలే వీలే లేని వర్గీకరణతో మనకి తెలిసేదేంటి? కొత్తగా నడక వచ్చిన పిల్లలు ఎలా తిరుగుతారో అమెరికన్ మనస్తత్వవేత్త కారెన్ అడాల్ఫ్ బృందం లెక్కపెట్టి 2012లో ప్రచురించింది: 12 నుంచి 19 నెలల పిల్లలు సగటున గంటకి 2,368 అడుగులు వేస్తున్నారు, 17 సార్లు పడుతున్నారు. కొత్తగా ఏ నేర్పు వచ్చినా పిల్లలు దాన్ని విపరీతంగా వాడతారు. నడకొచ్చింది కాబట్టి వస్తువులు మోస్తారు. దానికి "మోసుకెళ్లే స్కీమా" అని బిరుదు దేనికి?

కవలలతల్లి:
సిద్ధాంతం ఏదైనా కానివ్వండి, ఒకడు విసిరిన చెక్కముక్క రెండోవాడి కంటికి తగలబోయినప్పుడు నేను ఆపుతాను. చెయ్యి పట్టుకుని "మనుషుల మీద వద్దు, తగులుతుంది. బంతి ఇక్కడ వెయ్యి" అంటాను. అంతే. ఉపన్యాసం ఉండదు, అరుపు ఉండదు. ఎన్నిసార్లు విసిరితే అన్నిసార్లూ అదే మాట. కొత్తనాన్న గారూ, మీ అమ్మగారు చెప్పిన హద్దూ, టీచర్ గారు చెప్పిన ఆటా రెండూ ఒక ఇంట్లో ఇమిడిపోతాయి. హద్దు వస్తువుకీ చోటుకీ పెట్టండి, విసరడం అనే పనికి కాదు.

స్పీచ్‌థెరపీ:
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. బొమ్మలు వరస పేర్చడం, చక్రాలు తిప్పుతూ కూర్చోవడం కూడా స్కీమాల పట్టికలో ఉంటాయి. ఆటిజం గురించి భయపడే తల్లిదండ్రులు మొదట చెప్పేవీ అవే. దీనివల్ల రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. కారు చక్రం తిప్పినందుకే కొందరు నిద్ర మానుకుంటారు. ఇంకొందరికి "స్కీమాలెండి, ఏం కాదు" అనే మాట వినపడి విలువైన నెలలు గడిచిపోతాయి.

ఒక్క ఆటని బట్టి ఏదీ తేల్చలేం. ఆట చుట్టూ ఏం జరుగుతోందో చూడాలి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? కావలసింది, నచ్చింది వేలుతో చూపిస్తోందా? దొరికిన వస్తువు మీ దగ్గరికి తెచ్చి మీ మొహంలోకి చూస్తోందా? మీరు మధ్యలో ఒక బొమ్మ పెడితే కలుపుకుంటోందా, ప్రతిసారీ తట్టుకోలేక విలవిల్లాడుతోందా? ముఖ్యంగా, వచ్చిన మాటలు ఆగిపోతే ఏ ఆట పేరూ చెప్పుకుని ఊరుకోకండి, వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. అనుమానం ఉన్నా లేకపోయినా 18 నెలలకీ, 24 నెలలకీ పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. స్కీమా అన్న మాట క్రెష్‌లో వినిపిస్తే నాకు అభ్యంతరం లేదు. పరీక్షని వాయిదా వేయడానికి వాడితే చాలా అభ్యంతరం.

క్రెష్‌టీచర్:
థెరపిస్ట్ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మాకు అలాంటి అనుమానం వస్తే అదే రోజు తల్లిదండ్రులతో మాట్లాడతాం.

ఆధారమేది గారికి నా జవాబు. పాకే పిల్లల కోసం ఏథీ దగ్గరికే వెళ్లక్కర్లేదు. బ్రిటన్‌కి చెందిన శిశువిద్యా నిపుణురాలు ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ కూర్చోగలిగి ఇంకా పాకని పిల్లల కోసమే ఒక బుట్ట ఆట రూపొందించారు: చెక్క గరిటె, లోహపు గిన్నె, బ్రష్, గుడ్డ, ఇలా చేతికి వేర్వేరుగా తగిలే వస్తువులు, ప్లాస్టిక్ లేకుండా. పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి, మాట్లాడకూడదు, చేతికి అందించకూడదు. ఆ మౌనం ఎంత కష్టమో నాకు తెలుసు. "అది అలా కాదు, ఇలా" అని నోటిదాకా వచ్చేస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. బటన్ సెల్ (బొత్తాంలా ఉండే చిన్న బ్యాటరీ) మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. చుట్టడం, కప్పుకోవడం ఇష్టపడే పిల్లలకి పొడవాటి తాళ్లూ ప్లాస్టిక్ సంచులూ అందకూడదు. నీళ్లు ఒలకబోసే ఆటలో నీళ్లు కొద్దిగానే ఉన్నా పెద్దవాళ్లు పక్కనుంచి కదలకూడదు.

ఆధారమేది:
మీరు చెప్పిన బుట్టా, గొట్టం, మౌనంగా కూర్చోవడం, హద్దులు అన్నీ నాకు సమ్మతమే. వీటిలో ఒక్కదానికైనా స్కీమా అనే మాట అవసరమైందా? పిల్లని గమనించి, ఇష్టపడే పనికి తగిన వస్తువు ఇవ్వాలి, అంతేగా.

క్రెష్‌టీచర్:
మీకు అవసరం కాకపోవచ్చు. మా గదిలో ఒక్కో టీచర్ చూసుకునేది చాలామంది పిల్లల్ని. ఒకడు పొద్దుటి నుంచీ బొమ్మలన్నీ మూలకి మోసుకెళ్లి గుట్టపోస్తుంటే, అలిసిపోయిన మనిషి నోట మొదట వచ్చే మాట "వద్దు". ఆ పనికి ఒక పేరు తెలిసి ఉంటే ఆ "వద్దు" కాసేపు ఆగుతుంది. ఆ గుట్ట పక్కన ఒక సంచీ పెట్టాలన్న ఆలోచన ఆ కాసేపట్లోనే వస్తుంది. నా దృష్టిలో పేరు ఉపయోగం అదే.

ఆధారమేది:
అలా అయితే పేరు టీచర్ల దగ్గరే ఉండనివ్వండి. ఇంటికి పంపే కాగితంలో "మీ బాబుది మోసుకెళ్లే స్కీమా" అని రాస్తే అది వాడి గుణంగా మారిపోతుంది. ఏం మోశాడు, ఎక్కడ పెట్టాడు, తర్వాత ఏం చేశాడు, అది రాయండి.

క్రెష్‌టీచర్:
అవన్నీ రాస్తాం, ఇకముందూ రాస్తాం. పేరు కూడా రాస్తాం. ఇంట్లో ఏం ఇవ్వాలో తల్లిదండ్రులు వెతుక్కోవాలంటే వాళ్లకీ ఆ పేరు కావాలి. ఇక్కడ మన దారులు వేరు.

కొత్తనాన్న:
అందరికీ ధన్యవాదాలు. మా అమ్మకి కవలలతల్లి గారి మాట చదివి వినిపించాను. వస్తువుకీ చోటుకీ హద్దు అన్నది ఆవిడ ఒప్పుకుంది, కానీ అన్నం పళ్లెం మాత్రం ఏ లెక్కలోనూ విసరనివ్వనంది. అక్కడ నేనూ అమ్మ వైపే. థెరపిస్ట్ గారూ, పాప వేలుతో చూపిస్తుంది, పిలిస్తే తిరుగుతుంది. అయినా 18 నెలల స్క్రీనింగ్ గురించి డాక్టర్‌ని అడుగుతాను.