పదహారేళ్ళ కోపాన్ని యాభై ఏడేళ్ళ గొంతుతో పాడొచ్చా?

పాత_క్యాసెట్:
హార్డ్‌కోర్ పంక్, అంటే వేగంగా, అరిచి పాడే రాక్ సంగీతం వినేవాళ్ళని ఒక మాట అడగాలని చాన్నాళ్ళుగా ఉంది. స్కూల్ వయసులో పెట్టిన బ్యాండ్ నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ పాటలే రికార్డు చేసి అమ్మితే ఏమనాలి? నా మటుకు నాకు అది తప్పు.

నేను చెప్పేది డిసెండెంట్స్ గురించి. కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్ పక్కన బీచ్ ఊళ్ళ కుర్రాళ్ళు. 2021లో ‘నైన్త్ అండ్ వాల్‌నట్’ అనే ఆల్బమ్ తెచ్చారు. లాంగ్ బీచ్‌లో వాళ్ళు ప్రాక్టీస్ చేసుకున్న చోటు ఆ రెండు వీధులు కలిసే దగ్గర ఉండేది, ఆ పేరే పెట్టారు. 18 పాటలు, అన్నీ కలిపినా అరగంట ఉండదు. దాదాపు అన్నీ 1977-80 మధ్య కట్టినవే. వాటిని పాడేనాటికి గాయకుడు మైలో ఆకర్‌మన్‌కి 57 ఏళ్ళు. పైగా ఆయన బ్యాండ్‌లో చేరిందే 1980లో. ఆ పాటల్లో చాలావరకు ఆయన రాకముందువి.

ఇంట్లో పెద్దవాళ్ళ మీద, స్కూల్లో ఏడిపించినవాళ్ళ మీద లోపల కుతకుతలాడేదాన్ని ఒక్క నిమిషంలో కక్కేయడమే హార్డ్‌కోర్ అంటే. పిల్లల్ని కన్నాక, సైంటిస్టుగా ఉద్యోగం చేశాక ఆ మంట ఎక్కడినుంచి వస్తుంది? వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే హార్డ్‌కోర్ బ్యాండ్ వాళ్ళు 1983లో ఆపేశారు, మళ్ళీ కలవలేదు. అందుకే వాళ్ళ పాటలు ఇప్పటికీ అంత పదునుగా ఉన్నాయని నా నమ్మకం.

శివ_డ్రమ్స్:
క్యాసెట్ గారూ, మీరు ముఖ్యమైన సంగతి వదిలేశారు. ఆ ఆల్బమ్‌లో వాయిద్యాలు 2020లో వాయించినవి కావు. మొదటి ముగ్గురూ, అంటే గిటార్ ఫ్రాంక్ నవెట్టా, బేస్ టోనీ లొంబార్డో, డ్రమ్స్ బిల్ స్టీవెన్‌సన్, 2002లో కలిసి రికార్డు చేసి పెట్టారు. గొంతు మాత్రం రికార్డు చేయకుండా మిగిలిపోయింది. 2008లో నవెట్టా చనిపోయాడు. 2020లో కరోనాతో అంతా ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు మైలో వాటి మీద పాడాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ టేపులు ఏం చేయాలి? సంగీతం వదిలేసి ఆరెగాన్ వెళ్ళి చేపలవేటలో బతికిన నవెట్టా, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి స్నేహితులతో వాయించిన గిటార్ అది. దాన్ని అలమరాలో పెట్టి తాళం వేయాలా? ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతుని పక్కన పెట్టి, గిటార్ ఒక్కటే పట్టుకుని వినండి. నాకైతే ఒళ్ళు జలదరించింది.

నా అనుభవం కూడా చెప్తాను. కాకినాడలో కాలేజీ రోజుల్లో మాకో బ్యాండ్ ఉండేది. 22 ఏళ్ళ తర్వాత మొన్న సంక్రాంతికి నలుగురం ఒక మేడమీద గదిలో కూర్చున్నాం. రెండో పాటకే నా కుడి మణికట్టు పట్టేసింది. కానీ ఒక పాటలో అప్పట్లో ఎప్పుడూ తాళం తప్పే చోటు ఉండేది. అది వచ్చేసరికి నలుగురం ఒకేసారి అదే తప్పు వాయించాం! ఎవరూ గుర్తుచేయలేదు, చేతులకే గుర్తుంది. అది నటన అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

లహరి:
నాది మూడో దారి. పాత పాటల్ని మళ్ళీ పాడటం నాకూ అంత ఇష్టం లేదు, కానీ కలిసి కొత్తవి రాయడం వేరు కదా. కాలిఫోర్నియాలోనే ఫుల్లర్టన్ కుర్రాళ్ళ బ్యాండ్ అడొలసెంట్స్ 1981లో నీలం అట్ట ఆల్బమ్ చేశారు. మళ్ళీ కలిసి 2005లో కొత్త పాటలతో ఇంకో ఆల్బమ్ తెచ్చారు, ఆ తర్వాతా ఆపలేదు. బేసిస్టు స్టీవ్ సోటో 2018లో పోయేదాకా వాయిస్తూనే ఉన్నాడు. డిసెండెంట్స్ కూడా అంతే. ముసలివాణ్ణి అయ్యాక ఎలా ఉంటానో అని అడిగే పాట వాళ్ళు 1996లోనే చేశారు. వయసు గురించి మనకంటే ముందు వాళ్ళే ఆలోచించుకున్నారు.

ఇంకో మాట. డిసెండెంట్స్ మొత్తం కుర్రాళ్ళే అనడం కూడా సరికాదు. లొంబార్డో 1945లో పుట్టాడు. స్టీవెన్‌సన్‌కి పదహారేళ్ళు నిండని రోజుల్లోనే ఆయనకి ముప్పై దాటింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం. పొద్దున్న ఆ పని చేసుకుని, తనలో సగం వయసు పిల్లలతో కూర్చుని పాటలు కట్టాడు. ముప్పై నాలుగేళ్ళ పోస్ట్‌మ్యాన్‌కి ఆ హక్కు ఉన్నప్పుడు యాభై ఏడేళ్ళ మైలోకి ఎందుకు ఉండదు?

పాత_క్యాసెట్:
లొంబార్డో సంగతి నా వాదనకి గట్టి దెబ్బే, ఒప్పుకుంటున్నాను. నవెట్టా గురించి శివ గారు చెప్పిందీ నిజం. ఆ టేపులు బయటికి రావాల్సిందే.

కానీ గొంతు దగ్గర నేను కదలను. 1982 నాటి వాళ్ళ ఆల్బమ్ ‘మైలో గోస్ టు కాలేజ్’ వినండి. ఆ కుర్రాడు అప్పుడే నిజంగా జీవశాస్త్రం చదవడానికి వెళ్ళిపోతున్నాడు. ఊపిరి చాలక మాట చివర తెగిపోతుంటుంది, అయినా ఆగడు. కొత్తదాంట్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయనకి తెలుసు. బాగా పాడాడు. నా బాధ అదే.

శివ_డ్రమ్స్:
నలభై ఏళ్ళు పాడినవాడికి ఊపిరి తీసుకోవడం తెలియడం తప్పెలా అవుతుందండీ? రానట్టు పాడితే అది కదా అబద్ధం!

సరే, ఒక పని చేద్దాం. 1979లో వచ్చిన వాళ్ళ మొదటి చిన్న రికార్డులో ‘రైడ్ ద వైల్డ్’, ‘ఇట్స్ ఎ హెక్టిక్ వరల్డ్’ ఉన్నాయి. అప్పటికి మైలో లేడు. అవే రెండూ 2021 ఆల్బమ్‌లోనూ ఉన్నాయి. ఆదివారం రాత్రి నాలుగూ వరసగా వినండి, ముందు పాతవి, తర్వాత కొత్తవి. నేనూ వింటాను.

పాత_క్యాసెట్:
వింటాను. సోమవారం ఇక్కడే రాస్తాను.