14వ సవరణ బానిసల పిల్లల కోసమే అయితే వీసా మీద ఉన్నవాళ్ల పిల్లలకు ఎలా వర్తిస్తుంది?

అడిగినవారు: నల్లసిరా

అమెరికా గడ్డ మీద పుడితే పౌరసత్వం అనే హామీ ఆ దేశ రాజ్యాంగం 14వ సవరణలో ఉంది. 2025 జనవరి 20న వచ్చిన అధ్యక్షుడి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ దాన్ని కుదించాలని చూసింది. అక్రమంగా ఉంటున్న తల్లులకు పుట్టినవాళ్లనే కాదు, చదువు, ఉద్యోగం, టూరిస్టు వీసాల మీద ఉన్న తల్లుల పిల్లల్ని కూడా పక్కన పెట్టింది (తండ్రి పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో కాకపోతే). "ఆ సవరణ బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం రాసింది, వలస వచ్చినవాళ్ల కోసం కాదు" అన్నది దీని వెనకున్న వాదన. చరిత్ర లెక్కన ఇది నిలుస్తుందా? పుట్టినవాళ్లు అమెరికా "అధికార పరిధికి లోబడి" ఉండాలని ఆ సవరణలో ఉన్న షరతు ఎవరి కోసం పెట్టారు? పార్టీల గొడవ వద్దు, తేదీలతో చెప్పండి.

గ్రంథాలయం_మూల

బానిసల కోసం పుట్టిందన్నది నిజమే. బానిసలకు మాత్రమే అన్నది నిజం కాదు, ఆ సంగతి రాసినవాళ్లకూ వ్యతిరేకించినవాళ్లకూ అప్పుడే తెలుసు.

మొదలు డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన కేసు దగ్గర. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, స్వేచ్ఛ పొందినా సరే, అమెరికా పౌరులు కాలేరని చీఫ్ జస్టిస్ రోజర్ టానీ రాశాడు. జస్టిస్ కర్టిస్ ఒప్పుకోలేదు. దేశం ఏర్పడ్డ తొలి రోజుల్లోనే న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరొలైనాల్లో స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివాళ్లు ఓటు వేశారు కదా, వాళ్లు పౌరులు కాకపోతే ఎవరని అడిగాడు. ఆ మాట అప్పటికి నెగ్గలేదు.

1865 డిసెంబరులో 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. అయినా విడుదలైన దాదాపు 40 లక్షల మంది చట్టం దృష్టిలో ఏమవుతారో తేలలేదు. ఈ సందును దక్షిణాది రాష్ట్రాలు వాడుకున్నాయి. ఏటా జనవరిలో పని ఉన్నట్టు రాతపూర్వక రుజువు చూపించాలని మిసిసిపీ చట్టం చేసింది. పనిలేనివాడిగా పట్టుబడి జరిమానా కట్టలేకపోతే, కట్టినవాడి దగ్గర చాకిరీ చేయాలి. బానిసత్వం పేరు మార్చుకుని దొడ్డిదారిన వచ్చింది, అంతే.

కాంగ్రెస్ అప్పుడు 1866 పౌరహక్కుల చట్టం తెచ్చింది. "అమెరికాలో పుట్టి, పరాయి ప్రభుత్వానికి లోబడని వాళ్లంతా పౌరులే" అంది (పన్ను కట్టని ఆదివాసులు మినహా). అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేస్తూ చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి చూడండి: ఈ లెక్కన పసిఫిక్ తీరంలోని చైనీయులు, జిప్సీలు కూడా పౌరులవుతారు! కాంగ్రెస్ ఆ వీటోను ఏప్రిల్ 9న తోసిపుచ్చింది. మామూలు చట్టాన్ని రేపు మరో కాంగ్రెస్ రద్దు చేయొచ్చు, కోర్టు కొట్టేయొచ్చు. అందుకే దాన్ని 14వ సవరణగా రాజ్యాంగంలోకి ఎక్కించారు. 1868 జులైలో అమల్లోకి వచ్చింది.

పరిధి_లోపల

రెండో ప్రశ్నకు. 1866 మే 30న సెనేటర్ జేకబ్ హోవర్డ్ సవరణలోని ఈ పౌరసత్వ వాక్యం ప్రతిపాదించగానే పెన్సిల్వేనియా సెనేటర్ కోవన్ అడ్డం తిరిగాడు: చైనీయుల పిల్లల సంగతేంటి, జిప్సీల పిల్లల సంగతేంటి అని. కాలిఫోర్నియా సెనేటర్ కాన్‌నెస్, చైనీయుల పిల్లలు కూడా పౌరులే అవ్వాలని సూటిగా బదులిచ్చాడు. అంటే ఓటు వేసినవాళ్లెవరూ తెలియక వేయలేదు.

షరతు వల్ల బయట ఉండేవాళ్లు కొద్దిమంది: విదేశీ రాయబారుల పిల్లలు, దేశంలో కొంత భాగాన్ని ఆక్రమించిన శత్రుసేనల పిల్లలు, తెగల ప్రభుత్వాల కింద ఉన్న ఆదివాసులు. 1884లో ఎల్క్ కేసులో ఆదివాసులకు ఇదే మాట కోర్టు చెప్పింది. వాళ్లందరికీ పౌరసత్వం వచ్చింది 1924 చట్టంతో.

అసలు పరీక్ష వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. ఆయన చైనీయులైన తల్లిదండ్రులకు పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, పౌరుడు కాదని ఓడ దిగనివ్వలేదు. 1898 మార్చి 28న 6-2తో ఆయన గెలిచాడు. ఇక్కడే మెలిక: ఆయన తల్లిదండ్రులు అమెరికాలో స్థిరనివాసం ఉన్నారని తీర్పులో ఉంది. తాత్కాలిక వీసాలకు ఇది వర్తించదనేవాళ్లు పట్టుకునేది ఆ మాటనే. నా దృష్టిలో అది బలహీనమైన పట్టు. తీర్పు లెక్కపెట్టిన మినహాయింపుల్లో తాత్కాలికంగా వచ్చినవాళ్లు లేరు.

పాతదస్తావేజు

పై ఇద్దరూ వదిలేసిన ముక్క ఒకటుంది. 1808 జనవరి 1 నుంచి విదేశాల నుంచి బానిసల్ని తేవడం నేరం. అయినా దొంగచాటుగా తెస్తూనే ఉన్నారు. క్లోటిల్డా ఓడ 1860లో అలబామాలోని మోబీల్‌కు దాదాపు 110 మందిని తెచ్చింది. చట్టం ప్రకారం వాళ్లు దేశంలోకి రాకూడనివాళ్లు. అలాంటివాళ్లకు ఇక్కడ పుట్టిన పిల్లలు 14వ సవరణతో పౌరులయ్యారు. తల్లిదండ్రులు చట్టబద్ధంగా వచ్చారా అని అడిగి ఉంటే, ఏ జనం కోసం ఆ సవరణ రాశారంటున్నారో వాళ్లలోనే కొందరు బయటే ఉండిపోయేవాళ్లు.

నల్లసిరా

ఇది తట్టలేదు, థ్యాంక్సండీ. మరి బానిసగా పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఉండదు కదా. ఇక్కడే పుట్టామని ఎలా చూపించేవాళ్లు?

పాతదస్తావేజు

కాగితంలో చూస్తే తేడా తెలుస్తుంది. 1860 జనగణనలో బానిసల షెడ్యూలు వేరు. యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, రంగు. మనిషి పేరు రాసే గడే లేదు. 1870 జనగణనలో అదే మనిషి పేరు, పుట్టిన రాష్ట్రంతో కనిపిస్తాడు. పైగా ఆ షీటులో 21 ఏళ్లు దాటిన మగ పౌరులకు ఒక గడి, వాళ్లలో ఓటు హక్కు నిరాకరించబడ్డవాళ్లకు పక్కనే ఇంకో గడి ఉన్నాయి. వంశవృక్షం వెతికేవాళ్లు చాలామంది 1870 దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి వెనక్కి వెళ్లాలంటే విడుదలైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకు ఖాతా రికార్డులు, ఆ తర్వాత యజమానుల వీలునామాలు చూడాలి.

పరిధి_లోపల

ఇవాళ్టి సంగతి కూడా చెప్తాను. పాస్‌పోర్టుకు రాష్ట్రమో కౌంటీనో నగరమో జారీ చేసిన జనన ధ్రువపత్రమే పనికొస్తుంది, పాదముద్రలతో ఆసుపత్రి ఇచ్చే జ్ఞాపిక కాదు. పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయిస్తే అదనపు ఆధారాలు అడుగుతారు. అసలు రికార్డే లేకపోతే, "వెతికాం, దొరకలేదు" అని రాష్ట్రం ఇచ్చే లేఖతో పాటు బాప్టిజం పత్రం, జనగణన, తొలి బడి రికార్డులు జత చేయాలి. రాయబారి హోదా ఉన్నవాళ్ల పిల్లలతో ఇంకో చిక్కు: రాష్ట్రం ధ్రువపత్రం మామూలుగానే ఇచ్చేస్తుంది, తల్లిదండ్రుల హోదా అందులో ఉండదు. పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడే పౌరుడు కాదని బయటపడుతుంది. రాయబార కార్యాలయంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది వర్తించదు. పూర్తి రాయబారి రక్షణ లేని సిబ్బంది పిల్లలు పౌరులే. కాబట్టి పుట్టిన రోజున తల్లిదండ్రుల పేర్లు విదేశాంగ శాఖ దగ్గర రాయబారుల జాబితాలో ఉన్నాయో, మిగతా సిబ్బంది జాబితాలో ఉన్నాయో ముందే కనుక్కోండి.