అప్‌డేట్: ఆ మూడు ఇంజిన్ల చైనా విమానం ఫైటరా, బాంబరా?

2024 డిసెంబరు 26న చైనాలోని చెంగ్డూ నగరం మీద ఎగురుతూ కనిపించిన తోక లేని విమానాన్ని (బయటివాళ్లు జె-36 అంటున్నారు) ఏ పనికోసం చేసి ఉంటారని మొన్న అడిగాను; బాంబరే అయి ఉంటుందని నా మాటగా అన్నాను. "ముందు చక్రాలు చూడు తమ్ముడూ" అని ఒక అన్నగారు చెప్పారు. రాత్రంతా ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను.

నిజమే! ప్రధాన చక్రాలు ఒక్కో వైపు ఒకదాని వెనుక ఒకటిగా రెండేసి ఉన్నాయి. చైనా ఫైటర్ జె-20కి ఒక్కో వైపు ఒక్కటే. అంటే ఇది చాలా బరువైనది: రెక్కల నిండా ఇంధనం, పొట్టలో పొడవైన ఆయుధాల అర. నిలువు తోక తీసేస్తే రాడార్‌కు చిక్కడం తగ్గుతుంది, కానీ గిరగిరా తిరిగే దగ్గరి పోరుకు అది అనుకూలం కాదు. దూరం వెళ్లి, దూరం నుంచే క్షిపణులు వేసే విమానమని నా నిర్ణయం. బాంబర్ అన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఆకారం చూసి వేసే అంచనా తప్పవచ్చు; సోవియట్ యుద్ధవిమానం మిగ్-25 గుర్తుంచుకోవాలి. దాని పెద్ద రెక్కలు చూసి అమెరికన్లు మహా చురుకైన ఫైటర్ అనుకున్నారు. 1976 సెప్టెంబరు 6న దేశం వదిలి పారిపోయిన సోవియట్ పైలట్ బెలెంకో దాన్ని జపాన్‌లోని హకొదాతేలో దించాక విప్పి చూస్తే ఎక్కువ భాగం ఉక్కు! ఆ బరువు మోయడానికే అంత రెక్క.

అన్నగారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.