వైర్‌లెస్ ఛార్జర్ పెట్టించాక కారు కీని గుర్తుపట్టట్లేదు, తప్పెవరిది?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం అరసవల్లి దర్శనం అయ్యాక కారెక్కి బటన్ నొక్కితే స్టార్ట్ అవ్వలేదు, కీ దొరకలేదు అని మీటర్లో ఒకటే హెచ్చరిక. కీ నా పక్కనే కప్ హోల్డర్‌లో ఉంది, దానికి జానెడు దూరంలో పోయిన నెల బయట షాపులో పెట్టించిన వైర్‌లెస్ ప్యాడ్, దానిమీద మా ఆవిడ ఫోను. వెనక మా అమ్మ ఎండకి చెమటలు కక్కుతోంది. ఎందుకో అనుమానమొచ్చి ఫోను తీసీసి నొక్కేను, ఒక్క దెబ్బకి స్టార్ట్ అయిపోయింది. ఇంటికొచ్చి చాలాసార్లు చూసేను, ఫోను ప్యాడ్ మీదుండి కీ జానెడులో ఉంటే గుర్తుపట్టదు, మూరెడు జరిపితే పడతాది. నా మాట ఏటంటే కారు కీని వెతికేటప్పుడు ఛార్జర్ ఆగిపోవాలి, ఆ ఏర్పాటు లేని ప్యాడ్లు అసలు అమ్మకూడదు. మీరేటంటారు?

గజపతినగరం కుర్రోడు:
అన్నా కీ ప్యాంటు జేబులో పెట్టుకుంటే అయిపోయేదానికి అమ్మకూడదు అంటే ఎలాగ. నేను రోజంతా పార్సిళ్లు దించుతాను, కారుతోపాటు వచ్చిన ప్యాడే నాది, డోరు తీసినప్పుడల్లా ఛార్జింగ్ ఆగిపోద్ది, మళ్లీ టింగుమని మొదలవుద్ది, అరవైసార్లు డోరు తీస్తే అరవైసార్లు అదే. మ్యాపు నడుస్తా ఉంటాది కదా, సాయంత్రానికి ఫోను పడుకుంటాది. నాకు కావలసింది ఆగని ఛార్జరు.

ఏడురోడ్ల ఎలక్ట్రీషియన్:
ఇద్దరిదీ కొంత నిజమే. బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని బళ్లలో 134.2 దగ్గర, ఒక చిన్న పిలుపు పంపుతాది. అది మీటరు, రెండు మీటర్ల కంటే దూరం పోదు. కీ అది విని వేరే ఫ్రీక్వెన్సీలో, చాలావాటిలో 433 మెగాహెర్ట్జ్‌లో, జవాబిస్తాది. మామూలు క్యూఐ ప్యాడ్లు, అంటే ఫోన్లకి వాడే వైర్‌లెస్ ఛార్జింగ్ పద్ధతివి, పనిచేసేది ఎక్కువగా 110 నుంచి 205 కిలోహెర్ట్జ్ మధ్యలో, అంటే కారు పిలిచే చోటే. పెళ్లిలో డప్పుల పక్కన నిలబెట్టి చెవిలో మెల్లిగా పేరు పిలిస్తే వినపడతాదా? కీ బాగానే ఉంది, దానికి పిలుపే అందట్లేదు. ఫోను పక్కకి జారితే ఈ గోల ఇంకా ఎక్కువ, కాయిల్ అంటే లోపలి తీగచుట్ట సరిగ్గా కూర్చోక ప్యాడ్ ఇంకా పవర్ తోస్తాది. మ్యాగ్నెట్ ఉన్న క్యూఐ2 రకం 360 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాది కాబట్టి కొంత నయం, కానీ పాత ఫోను పెడితే అదీ పాత పద్ధతిలోకే వచ్చీస్తాది.
గట్టు గారూ, బండి ఆపేక కూడా మీ ప్యాడ్ లైటు వెలుగుతోందా? ఒకసారి చూసి చెప్పండి.

నాగావళి గట్టు:
వెలుగుతోందండీ! రాత్రి కూడా.

ఏడురోడ్ల ఎలక్ట్రీషియన్:
అదే అనుకున్నాను. ఎప్పుడూ కరెంటుండే వైరుకి కలిపీసేరు. యాక్సెసరీ లైనుకి, అంటే బండి ఆన్ చేస్తేనే కరెంటొచ్చే వైరుకి, ఫ్యూజుతో మార్పించండి, అప్పుడు మీరు బటన్ నొక్కే టైముకి ప్యాడ్ చచ్చి ఉంటాది, కారు కీని వెతుక్కున్నాకే దానికి కరెంటొస్తాది. ఇంజిన్ నడుస్తుండగా ఎవరైనా డోరు తీసి వేస్తే మాత్రం కారు మళ్లీ వెతుకుతాది, అప్పుడు ఒకోసారి కీ లేదని గోల పెట్టొచ్చు. కీని ప్యాడ్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి, వేడెక్కిపోద్ది.

కుర్రోడి బాధకి కూడా మందుంది. వెతకడానికి పట్టేది సెకనులో చిన్న ముక్క, అంతసేపే ఆపితే చాలు. డోరు తీసినంతసేపూ ఆపడం సాఫ్ట్‌వేర్ రాసినోళ్ల బద్ధకం అని నా అభిప్రాయం.

విజీనగరం ఈవీ:
ఫోన్ల మాట సరే, రేపు కారునే కింద ప్యాడ్ మీద ఆపి ఛార్జ్ చేసే రోజులొస్తే? ఫోను ప్యాడ్ 15 వాట్లు, ఎస్‌ఏఈ జె2954 అని కార్ల వైర్‌లెస్ ఛార్జింగ్‌కి ఉన్న ప్రమాణంలో కారుకి 11 కిలోవాట్ల దాకా ఉంది, ఏడొందల రెట్లు పైన. వాళ్లు ముందే ఆలోచించి 79 నుంచి 90 కిలోహెర్ట్జ్ మధ్యకి, 85 చుట్టూ, పెట్టుకున్నారు, 125కి దూరంగా. అయినా అంత పవర్ పక్కన కీ ఎంత సున్నితంగా వింటాదో చూడాలి కదా. నా ఉద్దేశంలో ఫ్రీక్వెన్సీ ఒక్కటీ చాలదు, కారు కీని వెతకడం మొదలెట్టేలా హ్యాండిల్ ముట్టుకోగానే ఛార్జింగ్ తగ్గాలి.

గజపతినగరం కుర్రోడు:
సెకనులో ముక్క ఆపి మళ్లీ మొదలెడితే నాకేం అభ్యంతరం లేదు ఎలక్ట్రీషియన్ గారూ, టింగుమనకుండా ఉంటే చాలు. కానీ అన్నా, అమ్మకూడదు అనడం మాత్రం ఒప్పుకోను, తప్పు వైరు కలిపినోడిది.

నాగావళి గట్టు:
వైరు ఆయనదే తమ్ముడూ, కానీ ప్యాడ్ డబ్బా మీద కీకి దూరంగా పెట్టండి అని ఒక్క ముక్కుంటే ఆ ఎండలో మా అమ్మకి ఆ బాధ ఉండేది కాదు. రేపు వెళ్లి యాక్సెసరీ లైనుకి మార్పించీస్తాను. మళ్లీ జానెడు, మూరెడు కొలిచి ఇక్కడే చెప్తాను.