అప్‌డేట్: విద్యుదయస్కాంత పంపులో ద్రవం కదిలింది

ముందు అడిగిన ప్రశ్న: కరెంటు, అయస్కాంత క్షేత్రం కలిసి ద్రవాన్ని నెట్టే ఈ పంపు గాడిలో ఉప్పునీరు, రెండు ఎలక్ట్రోడ్లు, నియోడిమియం అయస్కాంతాలు ఉన్నా ప్రవాహం ఎందుకు లేదు?

అసలు తప్పు అమరికలోనే. అయస్కాంతాలు ఎలక్ట్రోడ్ల వెనకే ఉండటంతో క్షేత్రం, కరెంటు ఒకే దిశలో పోయాయి. అలాంటప్పుడు బలం సున్నా. కరెంటు అడ్డంగా, క్షేత్రం పైనుంచి కిందికి ఉంటేనే తోపుడు గాడి పొడవునా వస్తుంది. అయస్కాంతాలను పైనా కిందా పెట్టగానే నీరు కదిలింది. నీరు వెనక్కి పోతే కరెంటు దిశ, అయస్కాంతాల దిశల్లో ఏదో ఒక్కటే తిప్పాలి. రెండూ తిప్పితే మళ్లీ అదే దిశ!

పీడనం = క్షేత్రం × కరెంటు ÷ గాడి ఎత్తు. 0.3 టెస్లా, 2 ఆంపియర్లు, 5 మిల్లీమీటర్లకు 120 పాస్కల్స్, అంటే 12 మిల్లీమీటర్ల నీటిమట్టం. ఇది గరిష్ఠం, ప్రవాహం లేనప్పటి లెక్క. పైగా ఉప్పునీటిలో బుడగలు ఎలక్ట్రోడ్లను కప్పేస్తాయి, క్లోరిన్ వస్తుంది, రాగి ఆనోడ్ (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) కరిగిపోతుంది. గ్రాఫైట్ మేలు, గాలి ఆడే చోట మాత్రమే నడపాలి.

గది ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉండే గాలియం మిశ్రమలోహం గాలిన్‌స్టాన్‌తో కథ వేరు. వాహకత సముద్రపు నీటి కంటే లక్షల రెట్లు ఎక్కువ, కాబట్టి 50 ఆంపియర్లకూ ద్రవంలో పడే వోల్టేజీ మిల్లీవోల్టుల్లోనే. మిగతాదంతా తీగలు, అతుకులు తినేస్తాయి. లావు తీగలు తప్పనిసరి. అల్యూమినియం దగ్గరికి రానివ్వకూడదు, గాలియం దాన్ని పెళుసుగా చేసేస్తుంది. ఎలక్ట్రోడ్లు అయస్కాంతం కన్నా పొడవైతే అంచుల కరెంటు వృథా.