లివర్‌పూల్‌కి ఎండో: ఆలోచించి కొన్నదా, గత్యంతరం లేక కొన్నదా?

గుంటూరు రెడ్ | 2023 ఆగస్టు 18

ఇవాళ క్లబ్ ప్రకటించేసింది. జర్మనీ క్లబ్ స్టుట్‌గార్ట్ నుంచి జపాన్ ఆటగాడు వతారు ఎండో. వయసు 30, ధర సుమారు 1.6 కోట్ల పౌండ్లు. మొన్నటిదాకా ఫాబిన్యో వేసుకున్న 3వ నంబర్ జెర్సీ ఇచ్చారు.

ఎండోని తిట్టడానికి ఈ థ్రెడ్ తెరవలేదని ముందే చెబుతున్నా. అతను మంచి ఆటగాడే అయ్యుండొచ్చు. నా బాధ క్లబ్ తీరు మీద. వారం కిందట మిడ్‌ఫీల్డర్ కైసెడో కోసం బ్రైటన్‌తో 11 కోట్ల పౌండ్లు పైచిలుకుకి మాట కుదిరింది. కుర్రాడు చెల్సీకే వెళ్తానన్నాడు, 14న అక్కడ చేరిపోయాడు. సరే, సౌతాంప్టన్ లావియా ఉన్నాడుగా అనుకున్నాం. అతనూ చెల్సీకే. ఇప్పుడు ఎండో.

మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి 21, ఇంకొకరికి 19, మూడో అతనికి 30. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌లో, అంటే డిఫెన్స్ ముందు కాపలా కాసే చోట, మనకేం కావాలో తెలిసి వెతికితే ఇంత తేడా ఉంటుందా? ఆ చోట ఆడే ఫాబిన్యో, మిడ్‌ఫీల్డర్ హెండర్సన్ సౌదీ క్లబ్‌లకి వెళ్తారని జులైలోనే తెలుసు. అయినా 13న చెల్సీతో మొదటి మ్యాచ్‌కి ఆ చోట మాక్ అలిస్టర్‌ని సర్దారు. ముహూర్తం రేపనగా వంటవాళ్లని వెతికినట్టుంది. మీరేమంటారు?

విశాఖ కాప్ | 2023 ఆగస్టు 18

అన్నా, నువ్వు జర్మనీ లీగ్ బుండెస్‌లీగా చూడవని అర్థమైంది. తప్పుగా అనుకోకు.

2020-21లో, 2021-22లో వరసగా రెండు సీజన్లు ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువ డ్యుయెల్స్ (బాల్ కోసం ఒకరితో ఒకరి పోరు) గెలిచింది ఇతనే. 2022 మేలో స్టుట్‌గార్ట్ ఆఖరి మ్యాచ్, కొలోన్ మీద 1-1. అలాగే ముగిస్తే రెలిగేషన్ ప్లేఆఫ్, అంటే కింది లీగ్‌కి జారకుండా నిలబడే పోటీ, ఆడాలి. 92వ నిమిషంలో కార్నర్, ఎండో హెడర్, గోల్. స్టేడియం మొత్తం గ్రౌండ్‌లోకి దిగిపోయింది. అక్కడివాళ్లు అతన్ని ‘లెజెండో’ అని పిలిచేది ఊరికే కాదు. వరల్డ్ కప్‌లో జర్మనీని ఓడించిన జపాన్ జట్టులో ఆడాడు. ఇప్పుడు ఆ దేశానికి కెప్టెన్.

వయసంటావా? 2003లో మకెలెలె రియల్ మాడ్రిడ్ వదిలి చెల్సీకి వచ్చినప్పుడు 30 ఏళ్లే. ఆ తర్వాత ఆ పొజిషన్‌కే అతని పేరు పెట్టుకున్నారు. ధరంటావా? 2015లో కాంటేని లెస్టర్ 60 లక్షల పౌండ్లు కూడా పెట్టకుండా తెచ్చుకుంది, వచ్చే ఏడాదికి ఛాంపియన్.

మధ్యమైదానం | 2023 ఆగస్టు 18

కాంటే, మకెలెలె పేర్లు ప్రతి కొనుగోలుకీ వస్తాయి. మరి రాని పేర్లు ఎన్ని?

నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని, పోయినేడు మాకు జరిగింది చెబుతా. బార్సిలోనాలో డి యాంగ్ కోసం వేసవి అంతా తిరిగారు. దొరకలేదు. బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 4-0 తిన్నాక కాసెమిరోని తెచ్చారు, అతనికీ అప్పుడు 30. మొదటి సీజన్ అద్భుతం, కరబావ్ కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్) ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. కానీ ఈ సోమవారం వుల్వ్స్ మ్యాచ్ చూశారా? గెలిచాం, కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఎవడు పడితే వాడు దూసుకొచ్చేశాడు. వెనక్కి పరిగెత్తేటప్పుడు కాసెమిరో కాళ్లు బరువెక్కినట్టు కనిపించింది. ఈ పొజిషన్‌లో వయసు బయటపడేది బాల్ కాలి దగ్గరున్నప్పుడు కాదు, పోయినప్పుడు. మీ కోచ్ క్లాప్ ఆటలో డిఫెన్స్ లైన్ అంత పైన ఉంటుంది కదా, మీకు ఇంకా ప్రమాదం.

రాత్రి టర్ఫ్ | 2023 ఆగస్టు 19

నాకు లీగ్ లెక్కలు పెద్దగా తెలియవు. మేం కొంపల్లిలో ప్రతి గురువారం రాత్రి సెవెన్స్ (జట్టుకి ఏడుగురి ఫుట్‌బాల్) ఆడతాం. మా జట్టులో ఒకతను ఉన్నాడు, 38 ఏళ్లు, బ్యాంకులో పని. గోల్ కొట్టడు, డ్రిబుల్ చేయడు. చేసేది ఒకటే. మేం అందరం పైకి వెళ్లినప్పుడు సెంటర్ సర్కిల్‌కి రెండడుగుల వెనక నిలబడి, బాల్ రాకముందే తల అటూ ఇటూ తిప్పి ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటాడు. అవతలివాళ్లు క్లియర్ చేసిన బాల్ పదిసార్లలో ఏడుసార్లు అతని దగ్గరికే వస్తుంది. ఇన్నాళ్లూ అదృష్టమనుకున్నాం. జూన్‌లో అతను ఊరెళ్లి మూడు వారాలు రాలేదు. మూడు మ్యాచ్‌లూ ఓడాం, ప్రతిదాంట్లో ఐదుకి తగ్గకుండా తిన్నాం.

నిన్న రాత్రి యూట్యూబ్‌లో ఎండో స్టుట్‌గార్ట్ మ్యాచ్ ఒకటి పూర్తిగా చూశా. హైలైట్స్ కాదు, 90 నిమిషాలూ. అదే తల తిప్పడం. బాల్ వచ్చేలోపు కనీసం రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. వీడియో ఆపి ఆపి లెక్కపెట్టా. అందుకే నేను ఎండో పక్షం.

గుంటూరు రెడ్ | 2023 ఆగస్టు 19

బ్రదర్, మీరు రాసింది రెండుసార్లు చదివా. బాగుంది. ఫ్యాన్ పేజీల్లో ‘ఎవడీ ఎండో’ అని తిట్టేవాళ్లు ఇది చదవాలి.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇతను అంత మంచివాడైతే జూన్‌లోనే 1.6 కోట్లకి తెచ్చుకోవాల్సింది. ప్రీ-సీజన్ మొత్తం జట్టుతో ఆడేవాడు.

విశాఖ కాప్ | 2023 ఆగస్టు 19, రాత్రి

బోర్న్‌మత్ మ్యాచ్ అయింది, 3-1తో గెలిచాం. మాక్ అలిస్టర్‌కి రెడ్ కార్డ్ పడ్డాక పది మందితో ఆడుతూ ఎండోని దింపారు. నిన్ననే జట్టులో చేరిన మనిషి. ఒకటి రెండుసార్లు టాకిల్‌కి ఆలస్యమయ్యాడు, ఒప్పుకుంటా. ఫాబిన్యో 2018 వేసవిలో వచ్చి లీగ్‌లో మొదటి స్టార్ట్‌కి అక్టోబరు చివరిదాకా ఆగాడని గుర్తుంచుకోండి.

విశాఖ కాప్ | 2023 డిసెంబరు 3

ఫుల్‌హామ్ మీద 4-3! 80వ నిమిషంలో 3-2తో వెనకబడ్డాం. 83కి ఎండో దిగాడు, 87కి బాక్స్ బయట నుంచి కుడికాలితో వంపు తిప్పి పైమూలకి కొట్టాడు. మరుసటి నిమిషంలో ట్రెంట్ ఇంకోటి కొట్టాడు. నేను అరిచిన అరుపుకి మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గుంటూరన్నా, ఎక్కడున్నావ్?

గుంటూరు రెడ్ | 2023 డిసెంబరు 3

ఇక్కడే ఉన్నా తమ్ముడూ, నేనూ అరిచా. కానీ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని గోల్‌తో కొలవొద్దు. ఈ మ్యాచ్‌లో మనం మూడు గోల్స్ తిన్నాం, అదీ మన సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో.

నీలం జెర్సీ | 2024 ఫిబ్రవరి 26

చెల్సీ అభిమానిని. నిన్న మీతో ఆడిన కరబావ్ కప్ ఫైనల్ గురించి రాయడానికి చేతులు రావట్లేదు, అయినా రాస్తా. న్యాయం న్యాయమే.

మీకు సలా లేడు, నూన్యెజ్ లేడు, ట్రెంట్ లేడు, సొబోస్లాయ్ లేడు, అలిసన్ లేడు. కైసెడో టాకిల్‌కి గ్రావెన్‌బెర్క్ అరగంటకే స్ట్రెచర్ మీద బయటికెళ్లాడు. చివర్లో మెకానెల్, క్లార్క్, డాన్స్ లాంటి కుర్రాళ్లతో ఆడారు. మా వైపు 10 కోట్ల పౌండ్ల ఆటగాళ్లు ఇద్దరు, కైసెడో, ఎంజో. రెండోసగంలో మీ వాన్ డైక్ గోల్‌ని వీఏఆర్ (వీడియో రిఫరీ) తీసేసింది. ఎండో ఆఫ్‌సైడ్‌లో ఉండి మా డిఫెండర్ కోల్‌విల్‌ని అడ్డుకున్నాడని. ఆ నిర్ణయంతో ఇతను కుంగిపోతాడనుకున్నా. ఎక్స్‌ట్రా టైమ్ మొదలయ్యేసరికి మా కౌంటర్లు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే ప్రతిసారీ అదే 3వ నంబర్. 118వ నిమిషంలో వాన్ డైక్ మళ్లీ హెడర్ కొట్టాడు, అది నిలిచింది. మన టైమ్‌లో పదకొండు దాటింది. టీవీ కట్టేయకుండా కాసేపు అలాగే కూర్చున్నా.

కైసెడోకి 22 ఏళ్లు, ఇంకా ఎదుగుతాడు, ఆ నమ్మకం నాకుంది. కానీ నిన్న ఒక్కరోజుకి ధర తేడా ఎవరికీ కనిపించి ఉండదు.

రాత్రి టర్ఫ్ | 2024 ఫిబ్రవరి 26

120 నిమిషాలూ ఆడాడు. మొన్న ఈ నెల మొదట్లోనే ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడి ఖతార్ నుంచి వచ్చాడు, ఆ ఓటమి బరువు కూడా మోసుకుంటూ. పక్కన ఆడుతున్నవాళ్లు అతనికంటే పదేళ్లకు పైగా చిన్నవాళ్లు. బాల్ ఆగిన ప్రతిసారీ వాళ్లకి చేత్తో చోటు చూపిస్తున్నాడు, గమనించారా?

గుంటూరు రెడ్ | 2024 ఫిబ్రవరి 26

గమనించా. ఆగస్టులో నేను ‘వయసు 30’ అని రాసిన తీరు సరిగ్గా లేదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నిన్న అతను లేకపోతే కప్పు లేదు.

గుంటూరు రెడ్ | 2024 ఆగస్టు 13

ఏడాది తర్వాత అదే థ్రెడ్‌కి వచ్చా, ఎందుకంటే అదే ఆగస్టు మళ్లీ వచ్చింది. కొత్త కోచ్ స్లాట్‌కి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కావాలి. స్పెయిన్ క్లబ్ రియల్ సొసైడాడ్ ఆటగాడు సుబిమెండిని అడిగాం. రానన్నాడు. చేతిలో రెండో పేరు కనపడట్లేదు.

ఎండో మీద నాకిప్పుడు గౌరవం తప్ప ఇంకేం లేదు. మార్చిలో మాంచెస్టర్ సిటీతో 1-1 మ్యాచ్‌లో అతని ఆట ఇప్పటికీ మళ్లీ పెట్టుకుని చూస్తుంటా. కానీ ఏప్రిల్ కూడా గుర్తుంది. ఇటలీ క్లబ్ అట్లాంటా చేతిలో ఆన్‌ఫీల్డ్‌లోనే 3-0 ఓటమి, మూడు రోజులకి క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 1-0 ఓటమి. నాలుగు పోటీలు, మధ్యలో ఆసియా కప్. అప్పటికి అతని కాళ్లలో ఏమీ మిగల్లేదు, మిగలాలనుకోవడం కూడా అన్యాయమే. పక్కన ఆ పని తెలిసిన ఇంకో మనిషి ఉంటే అతన్ని అంతలా అరగదీసేవాళ్లు కాదు. నేను మొదటి పోస్టులో అడిగింది ఇదే.

విశాఖ కాప్ | 2024 ఆగస్టు 13

ఈసారి నీతో ఒప్పుకుంటున్నా అన్నా, సగం. ఆటగాడు రానంటే క్లబ్ ఏం చేస్తుంది? ఎవరినో ఒకరిని 6 కోట్ల పౌండ్లు పోసి తేవడం కంటే ఉన్నవాళ్లతో ప్రయత్నించడం మేలు. ప్రీ-సీజన్‌లో స్లాట్ ఆ చోట గ్రావెన్‌బెర్క్‌ని ఆడించి చూస్తున్నాడు. పొడవైన కాళ్లు, ఒంటిమీద ఒత్తిడున్నా తిరిగి బాల్ తీసుకోగలడు. టాకిల్ చేయడమే ఎంత వస్తుందో చూడాలి.

గుంటూరు రెడ్ | 2024 ఆగస్టు 13

సరే, శనివారం సాయంత్రం 5కి ఇప్స్‌విచ్‌తో మ్యాచ్. ఈ ఒక్కసారి బాల్‌ని చూడను, ఆ చోట నిలబడినవాణ్ణే 90 నిమిషాలూ చూస్తా. కొంపల్లి బ్రదర్ చెప్పినట్టు తల ఎన్నిసార్లు తిప్పుతాడో లెక్కపెట్టి ఇక్కడే రాస్తా.