‘సాత్వికముతో’ తర్వాత ‘సహించుచు’నా, ‘శిక్షించుచు’నా?

కొర్లగుంట పాఠకురాలు, తిరుపతి:
బైబిల్‌లోని ఒక వాక్యం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. మా పెదనాన్న లూథరన్ సంఘ పెద్ద. మా బావ ముంచుడు బాప్తిస్మం తీసుకుని వేరే సహవాసంలో చేరాడు. పసిపిల్లలకు నీళ్లు చిలకరిస్తే అది బాప్తిస్మమా అని బావ గొంతు పెంచినప్పుడల్లా పెదనాన్న ‘ఎదురాడువారిని సాత్వికముతో సహించుచు...’ అని అక్కడితో ఊరుకునేవారు. ఇప్పుడాయన లేరు. అక్కడున్నది ‘శిక్షించుచు’ అనీ, మమ్మల్ని దిద్దడం తన బాధ్యత అనీ బావ అంటున్నాడు. ఏది సరైనది? ‘శిక్షించుచు’ అయితే, సాత్వికంతో శిక్షించడం ఎలా కుదురుతుంది?

గ్రీమ్స్‌పేట మాస్టారు, చిత్తూరు:
రెండో తిమోతి, రెండో అధ్యాయం చివర. ‘అట్టి యెదురాడువారిని సాత్వికముతో శిక్షించుచు’. ‘శి’యే, సందేహం లేదు. అయితే మీ పెదనాన్నగారి ‘సహించు’ కూడా ఆ వాక్యంలోనే ఉందమ్మా: ‘కీడును సహించువాడుగాను ఉండవలెను’. ఎఫెసీయుల నాలుగులో ‘ప్రేమతో ఒకనినొకడు సహించుచు’ సరేసరి. ఇంతకాలం వాక్యం చదివిన పెద్దమనిషి ఊరికే మార్చి ఉండరు. ఇంట్లో ఆ పూటకు ఏ మాట కావాలో ఆయనకు తెలుసు.

సంస్కృత విద్యార్థిని, తిరుపతి:
శిక్ష అంటే మొదటి అర్థం నేర్పడమే. వేదాంగాల్లో మొదటిది శిక్ష, అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పే శాస్త్రం. తైత్తిరీయ ఉపనిషత్తులో అది దీర్ఘంతో ‘శీక్షా’ అయింది, ఛాందస దీర్ఘమని, అంటే వేదభాషలో వచ్చే దీర్ఘమని శంకరులు చెప్పారు. శిక్షణ, శిక్షకుడు అనే మాటల్లో ఇప్పటికీ దెబ్బ లేదు కదా. అన్నట్టు, మూలధాతువును బట్టి రాస్తే ‘సాత్త్వికము’. రెండు తకారాలుండాలి.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
రెండు తకారాల సంగతి ఎరుగుదును. ‘సాత్వికులు ధన్యులు’ అని ఒక్క తకారంతోనే తరతరాలు చదువుకున్నాయి. దాన్ని కదిలించకండి.

పుత్తూరు తమ్ముడు:
అక్కా, నేర్పడమే అయితే లూకా ఇరవై మూడులో పిలాతు ‘నేనితనిని శిక్షించి విడుదల చేయుదును’ అన్నది ఏమిటి? పాఠం చెప్పి పంపిస్తాననా? గ్రీకులో రెండు చోట్లా ఉన్నది ఒకటే క్రియ, పైదెవో. పిల్లవాణ్ని పెంచడం దాని మొదటి అర్థం. పెంపకంలో బోధ ఉంది, బెత్తమూ ఉంది. బావగారికి కొంత ఆధారం దొరికినట్టే.

సంస్కృత విద్యార్థిని:
మరి అపొస్తలుల కార్యములు ఇరవై రెండులో పౌలు తన గురువు గమలీయేలు పాదాల దగ్గర ‘శిక్షితుడనై’ అన్నాడే! అక్కడా అదే క్రియ. గమలీయేలు ఆయన్ను కొట్టాడని ఎవరైనా చదువుతారా?

గ్రీమ్స్‌పేట మాస్టారు:
మీరిద్దరూ హెబ్రీయుల పన్నెండు మరిచారు. ‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి, తాను స్వీకరించు ప్రతి కుమారుని దండించును’. ఒక్క వాక్యంలో శిక్షించడం వేరు, దండించడం వేరు. అనువాదకులకు తేడా తెలుసు. తిమోతి పత్రికలో కొట్టాలనుకుంటే ‘దండించుచు’ అని ఉండేది.

పుత్తూరు తమ్ముడు:
వేరని ఎందుకనుకోవాలి మాస్టారూ? ఒకటే మాటను రెండుసార్లు బలపరచడం కావచ్చు కదా. సామెతల గ్రంథమంతా ఆ తీరే.

సంస్కృత విద్యార్థిని:
ప్రహ్లాదుణ్ణి చూడండి. ‘చదివించిరి నను గురువులు’ అన్న పద్యం చివర ‘చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ’ అంటాడు. తండ్రితో సిద్ధాంతం విషయంలో ఏమాత్రం రాజీ లేదు. అయినా ఆ ‘తండ్రీ’ పోలేదు. ఎదురాడేవాడితో మాట్లాడే పద్ధతికి పోతన ఇచ్చిన కొలత అది.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
కందపద్యం నాలుగో పాదం చివర గురువు, అంటే ఛందస్సులో బరువైన అక్షరం, ఉండి తీరాలి. ‘తండ్రీ’ గగం, రెండూ గురువులే. ఆ దీర్ఘాన్ని ఛందస్సు అడిగింది.

సంస్కృత విద్యార్థిని:
గగం కావాలంటే పోతనకు మరో మాట దొరకదా మాస్టారూ? ‘తండ్రీ’నే ఎందుకు ఎంచుకున్నాడన్నది నా ప్రశ్న.

పాత చిత్తూరు నివాసి:
పోతనను వదలాలని నాకూ లేదు, కానీ బాప్తిస్మం దగ్గరకు రండి. మాది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చలు 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఫలించాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక సంఘమయ్యారు. పెద్ద చిక్కు బిషప్పుల దగ్గర వచ్చింది. బిషప్ చేతులుంచి అభిషేకించని బోధకుల మాటేమిటి? వాళ్లను మళ్లీ అభిషేకించకుండానే అంగీకరించారు. ఆంగ్లికన్లలో చాలామందికి అది మింగుడుపడలేదు. అయినా ఒక తరం పట్టే ఓపిక చూపారు. రోమా పద్నాలుగులో ‘చేర్చుకొనుడి, అయినను సంశయములను తీర్చుటకు వాదములను పెట్టుకొనవద్దు’ అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు కనబడదు. మీ పెదనాన్నగారి లూథరన్లు ఆ కలయికలోకి రాలేదు. అయినా మా ఇంటి పెళ్లిళ్లలో వాళ్ల అయ్యగార్లూ ప్రార్థన చేస్తారు.

పుత్తూరు తమ్ముడు:
రోమా పద్నాలుగు తిండి గురించి, దినాల గురించి. బాప్తిస్మాన్ని కూరగాయల లెక్కలో వేయగలమా?

పాత చిత్తూరు నివాసి:
వేయలేం. నేను పట్టుకున్నది ‘చేర్చుకొనుడి’ని. వాదానికంటే ముందు వచ్చిన మాట అది.

కొర్లగుంట పాఠకురాలు:
మీ జవాబులన్నీ బావకు చదివి వినిపించాను. గమలీయేలు దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ‘సరే, నేర్పడమే అనుకో, నేర్పేది నేనే కదా’ అన్నాడు. దీనికేం చెప్పాలి?

గ్రీమ్స్‌పేట మాస్టారు:
వాక్యం మొదటి నుంచి చదవమనండి. ‘దేవుడొకవేళ వారికి మారుమనస్సు దయచేయును’. తెలుగులో ఈ మాట ముందు వస్తుంది, ‘శిక్షించుచు’ తర్వాత వస్తుంది. మార్చేది దేవుడు. అదీ ‘ఒకవేళ’. నేర్పేవాడికి ఫలితం మీద హక్కు లేదు. ఆ తర్వాత ‘జగడమాడక’ అని కూడా ఉంది.

సంస్కృత విద్యార్థిని:
ఆ ‘ఒకవేళ’ సందేహమా, ఆశా? వెంటనే ‘మేలుకొనెదరేమో’ అని ఉంది కాబట్టి నాకు ఆశలాగే వినిపిస్తోంది.

పుత్తూరు తమ్ముడు:
సందేహమే అక్కా. గ్రీకులో అక్కడున్నది మేపొతె. దాని మీద వేరే చర్చ పెడతాను, మాస్టారు కూడా రావాలి.